పెట్టె లోపలి అడ్డబద్ద

పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే శామీర్‌పేట చెరువు ఇవతలి గడ్డన ఉన్న మల్లేశం ఇంట్లో ఉదయాలన్నీ ఒకే తీరుగా మొదలయ్యేవి. వాకిట్లో ఇనుప కుర్చీలను ఒకదానిమీద ఒకటి ఎక్కించే చప్పుడు, శామియానా గుడ్డలు దులిపితే లేచే దుమ్ము, ఆ దుమ్మంతా చాయ్ గిన్నెలో పడుతోందని వంటింట్లో నుంచి మల్లేశం భార్య మణెమ్మ కేక. మేడ్చల్ రోడ్డు మీద ఉన్న టెంట్‌హౌస్ ఆ ఇంటిదే. తండ్రి యాదగిరి పెట్టిన దుకాణానికి మల్లేశం మైకులు, యాంప్లిఫయర్లు, పెద్ద స్పీకర్లు చేర్చి పేరు తెచ్చాడు. రెండువేల నాలుగో సంవత్సరం నాటికి, బేస్ గుండెకు తగలకపోతే పెళ్ళే కాదనే కాలం వచ్చేసింది.

మాఘమాసపు ఆ ఉదయం, ఇంటి వెనుక రేకుల షెడ్డులో, ఆ ఇంటి పెద్దపిల్ల ధరణి రెండు కొత్త బేస్ పెట్టెల నడుమ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మొదటి పెట్టె పక్కగోడను వేళ్ళ కణుపులతో తట్టింది. రాతిని తట్టినట్టు పొడిగా, గట్టిగా పలికింది. రెండోదాన్ని తట్టింది. ఖాళీ నూనెడబ్బాలా బోలుగా పలికింది. ఆమె ముఖం మారింది.

పెట్టెలు చేయడం ఆమెకు తండ్రే నేర్పాడు. కొడుకు అన్వేష్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న సంవత్సరాలలో, షెడ్డులో చేతికింద ఎవరూ లేక, మల్లేశం కూతురి చేతికి రంపం ఇచ్చాడు. ఆ చేతికి పని పట్టుబడింది. అంత వెడల్పు ప్లైవుడ్ గోడ లోపలి గాలి దెబ్బకు ఊగుతుందనీ, గోడ ఊగితే స్పీకరు పలికేదానికి తన రొద కలుపుతుందనీ ఆమె చేసి, చెడి తెలుసుకుంది. అందుకే రెండు పక్కగోడలనూ కలిపి పట్టేలా లోపల అడ్డంగా ఒక టేకుబద్ద బిగించేది. బద్ద ఉన్న పెట్టె తాను కదలదు, మోతను మాత్రమే బయటికి పంపుతుంది.

ఈ రెండు పెట్టెలలోనూ ఆమె తన చేతులతోనే బద్దలు బిగించింది. ఆ తరువాత కీసరలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళి నిన్ననే తిరిగి వచ్చింది. వచ్చేసరికి వెనుక పలకలు బిగించి, నల్లరంగు వేసి, ముందువైపు ఎప్పటిలాగే పసుపు అక్షరాలతో "అన్వేష్ సౌండ్స్" అని రాయించి ఉంది.

"నాయినా, గీ రెండో పెట్టె ఒక్కపాలి విప్పి సూద్దాం. లోపల బద్ద ఊడినట్టుంది," అంది ధరణి.

మల్లేశం తాళ్ళ కట్ట భుజాన వేసుకుంటూ ఆగాడు. "నువ్వే బిగించినవ్ గద. నువ్వు ఊరికి పోయొచ్చేలోపల అదే ఊడుతదా? బండి వచ్చి నిలబడ్డది, ఇగ పరేషాన్ చెయ్యకు."

పక్కనే నిలబడి వైరు చుడుతున్న అన్వేష్, చుట్టిన వైరును విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టడం మొదలుపెట్టాడు. అక్క వైపు చూడలేదు.

ఆ సాయంత్రం చెరువు అవతలి తోటలో మచ్చ బొల్లారం గోపాలరావు గారి అమ్మాయి పెళ్ళి. ధరణి ఇంకొక మాట కూడా అడిగింది. బండి వెంట తానూ వస్తానని, పెట్టె పలికే తీరు ఒకసారి దగ్గర నిలబడి వింటానని. ఆ మాట అడగడం ఇది మొదటిసారి కాదు, జవాబూ కొత్తది కాదు. టెంట్‌హౌస్ బండెక్కి ఆడవాళ్ళు ఊళ్ళు తిరగరని మల్లేశం అన్నాడు. పెట్టె పోతే చాలదా, వెనుక పెట్టె చేసినవాళ్ళు కూడా పోవాలా అని నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె ఎదురాడి ఉండేది.

బండి కదిలి వెళ్ళింది. ధరణి షెడ్డు గుమ్మంలో నిలబడి, చెరువుకట్ట మలుపులో దుమ్ము అణిగేదాకా చూసింది.

"ఏందే, చూసిపోయిన పెండ్లికొడుకు కోసం నిలబడ్డట్టు నిలబడ్డవ్," అని మణెమ్మ వంటింటి కిటికీలోంచి ఎగతాళి చేసింది. "లోపలికి రా, పప్పు మాడుతాంది."

షెడ్డులో రంపం పట్టినన్నాళ్ళూ ధరణి తాను చేసిన ఒక్క పెట్టెనూ నిండు సభలో వినలేదు. షెడ్డులో పరీక్షకు మెల్లగా మోగించి చూడటమే. ఆరుబయట, వందమంది నడుమ, పూర్తి జోరులో అది ఎలా పలుకుతుందో ఆమెకు తెలియదు. సాయంత్రాలు మేడ మీద నిలబడితే, గాలి ఇటు తిరిగినప్పుడు చెరువు నీళ్ళ మీదుగా మోత వచ్చేది. పాట ఏదో తెలిసేది కాదు, అడుగున ఉన్న దెబ్బ మాత్రమే తెలిసేది. నలుగురి పెట్టెలు మోగుతున్నా అందులో తనది ఏదో ఆమె పోల్చుకునేది. గాలి మళ్ళగానే అదీ పోయేది. పోయిన తరువాత కూడా చాలాసేపు పిట్టగోడకు ఆనుకుని నిలబడేది. తన చేతుల్లో పుట్టినదే తనకు దూరపు చుట్టమయిందని ఆమె ఎవరితోనూ అనలేదు. అనడానికి అందులో తప్పు పట్టదగ్గ మనిషి ఎవరూ కనిపించలేదు.

ఆ సాయంత్రం కూడా మేడ మీదికి వెళ్ళింది. నాయనమ్మ పద్మమ్మ అప్పటికే అక్కడ గోడవారన పీట వేసుకుని కూర్చుని ఉంది. గోధూళి లగ్నం. అవతలి గడ్డన మైకులో సన్నాయి అందుకుంది. తరువాత గట్టిమేళం లేచింది, తాళి కట్టే క్షణాన డోళ్ళన్నీ ఒక్కసారిగా విరుచుకుపడే ఆ మోత. ఆ మోత వెంటనే, దాని మీదుగా, చిరిగిన తోలు కొట్టుకున్నట్టు బరబరమని ఇంకొక రొద వచ్చింది. ఒక్క నిమిషం అలా సాగి ఠపీమని ఆగింది.

ధరణి రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా?" అంది పద్మమ్మ.

"గోడ ఊగుతాంది అవ్వా. అది నేను జేసినట్టు లేదు. లోపల పట్టుకునేది ఏం లేదు దానికి."

అంత దూరం నుంచి, ఆ రొదలో, మనవరాలు ఒక పెట్టె లోపలి కట్టెను వెతుకుతోందని పద్మమ్మకు అర్థమయింది. ఆ చూపు ఎక్కడో తాను ఎరిగినదే అనిపించింది.

మరునాడు పొద్దున్నే బండి తిరిగి వచ్చింది. దాని వెనుకే స్కూటరు మీద గోపాలరావు వచ్చాడు. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మాట పెంచడు. ఆ ఉదయం గొంతులో అలసట మాత్రం ఉంది. వాకిట్లో దించిన పెట్టె మూల అతుకు విచ్చుకుని నోరు తెరిచి ఉంది.

"నేను గొడవకు రాలేదండీ మల్లేశం గారూ," అన్నాడు. "గట్టిమేళం ఎంతసేపు ఉంటుంది చెప్పండి? ఆ కాసేపట్లోనూ మీ పెట్టె రొదే వినపడింది. మా అమ్మాయి ఉలిక్కిపడి తల తిప్పేసింది. తాళి కట్టేటప్పటి వీడియో ఎప్పుడు చూసుకున్నా అదే ఉంటుంది. ఈ మాట మీకు చెప్పకుండా ఉండలేక వచ్చాను."

మల్లేశం తల దించుకున్నాడు. ఊరిలో తన పనికి ఒక్క మచ్చ లేదని నమ్మి బతికినవాడు. సిగ్గు అతని నోట ఇలా వచ్చింది:

"తప్పయింది సారూ. ఆడిపిల్ల జేసిన పెట్టె. నాదే బుద్ధితక్కువ."

ఆ మాట అని కూతురి వైపు తిరిగాడు. ఇక షెడ్డుకు రావద్దన్నాడు. పైకి అరవలేదు. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మణెమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ధరణి చూపు తండ్రి మీద కాదు, ఆ జేబు మీద నిలిచింది. చెరువు అవతలి మోత ఇక ఎవరిదో అవుతుంది. తన చేతికి ఇక ప్లైవుడ్ వాసన కూడా అంటదు.

అప్పుడు పద్మమ్మ మెట్లు దిగి వచ్చింది. పగిలిన పెట్టె పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"సారూ, జర కూసోండ్రి," అంది గోపాలరావుతో. తరువాత కొడుకును చూసింది. "మల్లేశా, పెట్టె విప్పు."

"ఇంటి ముచ్చట బయటోళ్ళ ముంగట ఎందుకమ్మా, తర్వాత సూద్దాం."

"పిల్లమీద మాట బయటోళ్ళ ముంగట్నే అన్నవ్ గద. అది నిజమో కాదో గూడ ఆల్ల ముంగట్నే తేలాలె. విప్పు."

ఆమె గొంతు పెంచలేదు. డ్రైవరు ఇస్తారి స్క్రూడ్రైవరు తెచ్చి మల్లేశం చేతికి ఇచ్చాడు. వెనుక పలక ఊడింది. లోపల అడ్డబద్ద లేదు. రెండు పక్కగోడలకూ బిగించిన చోట రెండు మొండి ముక్కలు మాత్రం, జిగురు వీడకుండా, స్క్రూలు కదలకుండా, గట్టిగా అంటుకుని ఉన్నాయి. వాటి కొనలు రంపంతో కోసిన కోతలు. టేకు లోపలి రంగు ఇంకా తాజాగా మెరుస్తోంది.

మల్లేశం ఒక ముక్కను బొటనవేలితో నెట్టి చూశాడు. అది కదలలేదు. బిగింపులో లోపం లేదు. బిగించినవారి తప్పు కానే కాదు.

"గిది ఊడింది కాదు," అంది పద్మమ్మ. "కోసింది. ఎవరు కోసిండ్రో నేను అడగ. కోసినోల్లే సెప్పాలె."

ధరణికి తెలిసిపోయింది. మొండి ముక్కల మీద కోత కుడి నుంచి ఎడమకు ఒరిగి ఉంది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కడిదే. పేరు చెబితే తాళంచెవి తనకు తిరిగి వస్తుందని కూడా తెలుసు. తమ్ముడి ముఖం చూసి పెదవి కదపలేకపోయింది.

"నేనే కోసిన," అన్నాడు అన్వేష్.

మల్లేశం చెయ్యి లేచింది. ధరణి ఇద్దరి నడుమకు వచ్చి నిలబడింది. తండ్రిని ఆపడానికే కాదు, తమ్ముడిని అడగడానికి కూడా.

"ఎందుకురా?"

"ఫంక్షన్ల కాడ అందరొచ్చి, అన్వేష్, నీ పెట్టె మస్తుంది రా అంటరు అక్కా. అన్నప్పుడల్ల తల ఏడ పెట్టుకోవాల్నో తెల్వది నాకు. పేరు నాది, పని నీది. ఒక్కదాంట్లనన్న నా చెయ్యి ఉండాలనుకున్న. గా బద్ద గాలికి అడ్డమొస్తాందని, తీస్తే ఇంకా జోరుగ కొడ్తదని నాకు నేనే అనుకున్న."

"మరి నిన్న పొద్దున నేను విప్పుదామంటే?"

"నాయిన నిలబడి ఉండె. నోరు రాలె."

గోపాలరావు తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. పద్మమ్మ కొడుకు వైపు తిరిగింది. ఆమె మాటలో ఏడుపు లేదు, జాలి కూడా లేదు.

"మోగినన్నాళ్ళు పోరనిది, పగిలిన్నాడు పిల్లదా? గిదేం న్యాయం మల్లేశా? ఇయ్యాల్టి దాకా ఆ పిల్ల పేరు బయట ఒక్కనాడు సెప్పని నోరు, ఇయ్యాల తప్పు మోపనీకె తెరిసినవ్. పోరన్ని కొడ్తానంటున్నవ్. ఆనిది గాని పేరు ఆని నెత్తిన పెట్టిందెవరు? ఇద్దరికి అన్యాయం జేసినవ్. ఒకదానికి ఉన్నది ఇయ్యలె. ఒకనికి లేనిది ఇచ్చినవ్."

మల్లేశం చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. "పేరేముందమ్మా," అన్నాడు చివరికి. "దుకాణం కొడుకుది గాబట్టి కొడుకు పేరు రాపిచ్చిన. ఆమె ఒక్కనాడన్న అడిగిందా?"

"నాకు పేరొద్దు నాయినా." ధరణి గొంతు నిలకడగానే ఉంది. "నేను జేసిన పెట్టె ముంగట ఒక్కసారి నిలబడాల్నని ఉంటది. గంతే. అందరికి గుండెల తగుల్తదంట. నాకు గాలి ఇటు మళ్ళినప్పుడే వినిపిస్తది. మళ్ళకుంటే అదీ లేదు."

మణెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. నిన్న కిటికీలోంచి తాను చేసిన ఎగతాళి ఆమెకు ఇప్పుడు గుచ్చుకుంటోంది.

పద్మమ్మ తన అరచేతులు ఒళ్ళో పరచుకుని చూసుకుంది. కుట్టుమిషను సూది ఎప్పుడో దిగిన మచ్చ ఒకటి చూపుడువేలి మీద ఇంకా ఉంది.

"మీ నాయిన మొదటి శామియానా నీకు యాదికుందా మల్లేశా?"

ఉందన్నాడు మల్లేశం. ఎరుపు, తెలుపు, నీలం ముక్కలది. చిన్నప్పుడు తండ్రి వెంట వెళ్ళి దాని కింద ఎన్నో పెళ్ళి భోజనాలు తిన్నాడు. ఎండ అందులోంచి పడితే విస్తరిలో అన్నం కూడా ఎర్రగా కనిపించేది.

"గది ఎవరు కుట్టిండ్రు?"

ఇంత వయసు వచ్చేదాకా ఆ ప్రశ్న అతనికి తోచనే లేదు. అది నాయన శామియానా. ఎవరో కుట్టి ఉండాలని కూడా అతను ఎన్నడూ అనుకోలేదు.

"నేనే కుట్టిన. గాలికి చిరగొద్దని మూలలకు రెండు పొరల పట్టీ వేసి కుట్టిన. దాని కింద ఒక్క పెండ్లి నేను సూడలె. చుట్టుకొని వస్తుండె, చిరిగిన కాడ కుట్టి పంపుతుంటి. పసుపు మరకలుంటె పెండ్లయిందనుకున్న. కూర మరకలుంటె దావతయిందనుకున్న. నిలబడ్డంక అది ఎట్లుంటదో నాకు తెల్వది బిడ్డా. మీ నాయిన మంచోడే. నువ్వు గూడ మంచోనివే. అడగలేదు గదా అని మీరిద్దరు అనుకున్నరు. అడగకుంట ఉండుడు నేను నేర్సుకున్న. గీ పిల్ల అడిగింది. అడిగినా ఇయ్యకపోతివి."

మల్లేశం వాకిట్లో, ఆ విప్పిన పెట్టె ముందు, నేలమీద కూలబడ్డాడు. ముఖం పెట్టె లోపలికి తిప్పుకున్నాడు గాని భుజాలు కదలడం అందరికీ కనిపించింది. కొంతసేపటికి జేబులోంచి తాళంచెవి తీసి, లేవకుండానే కూతురి వైపు చాచాడు.

"బద్ద ఏడ రావాల్నో గీత పెట్టు బిడ్డా," అన్నాడు. "నేను పట్టుకుంట."

గోపాలరావు లేచాడు. వెళ్ళబోతూ ధరణి ముందు ఆగాడు. మరో రెండు వారాలకు తమ ఇంటి దగ్గర పదహారు రోజుల పండుగ ఉందని, ఈ పెట్టెలే కావాలని చెప్పాడు. "ఈసారి మీరు కూడా రండమ్మా. గట్టిమేళం మా అమ్మాయి ఇంకోసారి వింటుంది," అన్నాడు.

పెట్టె బాగుచేసే పనిలో అన్వేష్ చేత కొత్త బద్ద కోయించింది ధరణి. గీత ఆమెది, కోత అతనిది. గోడ ఊగకుండా ఉండాలంటే బద్ద ఎదురెదురు గోడలు రెంటికీ సమానంగా ఆనాలనీ, వెంట్రుకంత పొట్టిదైనా అది బద్ద కాదనీ చెప్పింది. అతని మొదటి ముక్క పొట్టిదయింది. రెండోది కూడా. "ఇంకో కట్టె తే," అంది ఆమె, మందలించకుండా. మూడోది చేత్తో నెడితే దిగక, సుత్తితో మెల్లగా తడితే దిగి, కూర్చుంది. అన్వేష్ పక్కగోడను కణుపులతో తట్టాడు. రాతిని తట్టినట్టు పలికింది. అక్క ముఖంలోకి చూసి, నమ్మలేక, మళ్ళీ తట్టాడు.

పండుగనాటి ఉదయం బండిలో ముందు సీటున పద్మమ్మ కూర్చుంది. ఆమె ఒళ్ళో ఇనుప పెట్టె అడుగునుంచి తీసిన పాత శామియానా ఉంది. మచ్చ బొల్లారంలో గోపాలరావు ఇంటి ముందు సందులో మల్లేశం దాన్ని తన చేతులతోనే నిలబెట్టాడు. ఒక్కొక్క తాడు లాగి కట్టి, పక్కకు తప్పుకుని, తల్లికి దారి ఇచ్చాడు. పద్మమ్మ గుంజ పట్టుకుని నడిచి వచ్చి కిందికి చేరింది. తల ఎత్తింది. మూలల పట్టీలు అలాగే ఉన్నాయి. ఎరుపు ముక్కలోంచి దిగిన ఎండ ఆమె తెల్లచీర మీద, ముడతల చేతుల మీద పడింది.

"ఇంత పెద్దగుంటదనుకోలె," అంది మెల్లగా. ఆ మాట వినవలసిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆమె మరి కొంతసేపు అలాగే పైకి చూస్తూ నిలబడింది.

ధరణి పెట్టె ఎదుటికి వచ్చి ఆగింది. ముందువైపు పాత పసుపు అక్షరాలు గీకేసి ఉన్నాయి. వాటి చోట, పెయింటరు రాసినవి కావని చూడగానే తెలిసేటట్టు, ఒకటి పొట్టిగా ఒకటి పొడుగ్గా, ఎడమకు ఒరిగిన అక్షరాలలో ఆమె పేరు ఉంది. అన్వేష్ యాంప్లిఫయరు వెనుక తల దించుకుని ఏవో వైర్లు సరిచేస్తున్నాడు.

"ఇందుల నా చెయ్యి ఉంది అక్కా," అన్నాడు, తల ఎత్తకుండానే.

సన్నాయి అందుకుంది. కొత్త పెళ్ళికూతురు ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అన్వేష్ అప్పుడు తల ఎత్తి అక్క వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను జోరు పెంచాడు. గట్టిమేళం లేచింది.

ఆ దెబ్బ ధరణికి చెవులకన్నా ముందు రొమ్ము ఎముకకు తగిలింది. నీళ్ళ మీదుగా, గాలి దయతలిచినప్పుడు, అరకొరగా చేరుతూ వచ్చినదంతా ఇప్పుడు ఏ గాలినీ అడగకుండా ఒక్కసారిగా ఆమెలోకి వచ్చింది. ఆమె కళ్ళు నిండి కారాయి, తుడుచుకోలేదు. ఒక అడుగు ముందుకు వేసి, అలవాటుగా, పెట్టె పక్కగోడ మీద అరచెయ్యి ఆనించింది.

సందంతా అదురుతోంది. చేతికింద గోడ కదలలేదు.